పగులు లేని మోత

జెనీవాలోని కణాల ప్రయోగశాల నుంచి కొలతలు వచ్చిన రోజు మా అమ్మాయి ఆలిస్ అన్నం ముట్టలేదు. ఎవరూ చూడని ఒక తేలికైన కణం ఉందని నమ్మి, ఆరేళ్లుగా దాని మీదే పరిశోధన చేస్తోంది.

“ఏటైనాదమ్మా?”

“ఆ కణం ఉంటే, జెడ్ అనే కణం దాన్లోకి కూడా విరిగి ఇంకా బేగి సచ్చిపోవాల నాన్నా. కొలిస్తే వీసమంత తేడా నేదు. అంటే మా కణం నేదు.”

“కంటితో సూడకండానే?”

“రైలు సక్రం మీద సుత్తితో కొట్టి, మోత ఇని, పగులు నేదని నువ్వు సెప్పవా?”

“నాకది మంచి కబురు కదే!”

“నాకు ఆరేళ్లు బూడిద,” అని మోకాళ్లలో తల దాచుకుంది.

మర్నాడు ఖరగ్‌పూర్‌ స్టేషన్లో మద్రాస్ మెయిల్ చక్రాలు కొట్టుకుంటూ పోయాను. అన్నీ పగులు లేని గంటల్లా మోగాయి. ఆలిస్ కోసం ఒక్కటైనా పగులు పలికితే బాగుండునని కోరుకుంటున్నానని తెలిసి, భయమేసి, సుత్తి కింద పెట్టేశాను.