అడవికి దూరంగా ఎర్ర చుక్క

లక్ష్మీకాంతం తన ఇంటి ముందున్న ఓక్ చెట్టుకి వీపు ఆనించి నిలబడింది. వసుమతి చేతిలోని జీపీఎస్ వంక చూస్తూ, అక్కణ్ణుంచి కదలనంది.

2002 వేసవి. కాలిఫోర్నియా కొండల్లో ఓక్ చెట్లు నిలువునా ఎండిపోతున్నాయి. ఆ తెగులు ఎటు పాకబోతోందో పటం గీయడమే వసుమతి పీహెచ్‌డీ. తెగులు కనబడిన చోట ఎర్ర చుక్క పెడుతుంది. చుక్క పడిన చెట్టును కొట్టేస్తారు.

ఈ చెట్టు మాను మీద అప్పటికే తెగులు గుర్తుగా నల్లటి జిగురు కారుతోంది.

"పండగ పండక్కీ నా చేతి వంట తిన్నదానివి. ఈ ఒక్క చుక్కా పెట్టకు వసూ," అంది లక్ష్మీకాంతం. "అంకుల్‌కి నా పేరే గుర్తుండటం లేదు. వాకింగ్‌కి వెళ్లి, ఈ చెట్టుని చూసే ఇంటికొస్తున్నారు."

"నేను పెట్టకపోయినా ఇది బతకదు ఆంటీ."

ఆమె భర్త ధర్మారావు అప్పుడే వీధి మలుపు తిరిగాడు. ప్రతి ఇంటి ముందూ ఆగి, తలెత్తి చూసి, కాదనుకుని నడుస్తున్నాడు. చెట్టు కనబడగానే ముఖం విప్పారింది. వీళ్లిద్దరినీ ఎవరో అన్నట్టు చూసి లోపలికి వెళ్లిపోయాడు.



అసలిది ఎలా అంటుకుందని లక్ష్మీకాంతం అడిగింది. వసుమతి తెలిసినంత చెప్పింది. అడవిలో ఓక్ పక్కన బే అనే చెట్లుంటాయి. తెగులు వాటిని చంపదు. వాటి ఆకుల్లో ఉండి, వానకి ఓక్ మీదికి చిందుతుంది. ఆ సంగతి బయటపడింది ఈమధ్యనే. కానీ ఈ ఊళ్లో బే చెట్లే లేవు. ఇక్కడి చుక్కలు ఆమె ప్రొఫెసర్‌కీ అంతుపట్టడం లేదు.

"పక్కింటి అమెరికావాళ్ల చెట్టు నిక్షేపంగా ఉంది. గిరిజ వాళ్లది పోయింది, మాదీ పోతోంది. దీనిక్కూడా తెలుగువాళ్లే లోకువా?"

చుక్క పెట్టబోతున్న వసుమతి చెయ్యి ఆగిపోయింది.

"మేమేం అపచారం చేశామే? నిరుడు ఉగాది తోరణం కూడా చెత్తలో వెయ్యలేదు. ఎవరూ తొక్కకుండా ఈ చెట్టు మొదట్లోనే పెట్టాను. ఆ వారమంతా వానే."

వసుమతి వంగి, ఆ మొదట్లోకి చూసింది.

ఇక్కడ మామిడాకులు దొరకవని, అడవిలో బే ఆకులు కోసుకొచ్చి, ఊళ్లోని తెలుగువాళ్లందరికీ ఆ తోరణాలు కట్టి పంచింది తనే.