మోస్తార్‌కు ఒకవైపు ఛార్జీ

అక్కా,

నా తప్పుల రాతనీ, ఈ కోడిగీతల్నీ మన్నించు. హడావిడిగా రాస్తున్నాను.

ఆదివారం మేం మీ ఊరు మోస్తార్ వస్తున్నాం. ఖర్చు తగ్గేలా నేనే అంతా ఆలోచించాను. పాలకూర కూరి కాల్చిన పీటా ఇంటి నుంచే తెస్తాం, కాఫీ నీ దగ్గర తాగుతాం, పాత వంతెన ఊరికే చూస్తాం. బస్సు ఛార్జీ మాత్రం ఒకవైపుకే ఉంది.

"తిరుగు ఛార్జీ అక్కడే పుడుతుందిలే. నువ్వు తువ్వాలు సర్దు, పిచ్చిమొహమా!" అని మా ఆయన రమీజ్ నవ్వాడు.

అక్కడి కుర్రాళ్లలా వంతెన మీంచి నదిలోకి దూకి, డబ్బుల కోసం చూసేవాళ్ల ముందు టోపీ చాపుతాడట.

"అంత ఎత్తు నుంచి ఎప్పుడైనా దూకావా?" అన్నాను.

"ఏదో ఒకరోజు మొదలెట్టాలి కదే!"

అప్పటి నుంచి కూర్చోలేను, నిలబడలేను. వద్దంటే పౌరుషానికి రెండుసార్లు దూకే మనిషి.

అందుకే బస్సు దిగగానే నాకు కడుపునొప్పి వస్తుంది. నువ్వు గాభరాపడి, "కడుపుతో ఉన్నదాన్ని వదిలేసి ఎక్కడికయ్యా?" అని రమీజ్‌ని కేకలెయ్యి. బావ చేత మమ్మల్ని కారులో ఇంటికి పంపించు.

నొప్పి అబద్ధమే అక్కా. నువ్వు అనబోయే మాట మాత్రం నిజం. సిగ్గుతో ఆయనకి ఇంకా చెప్పలేదు.

చదవగానే ఈ ఉత్తరం పొయ్యిలో వేసెయ్యి.