సుద్దగీత

ఆ రోజు కూడా అతను వచ్చాడు.

తూంకుంటలోని కుట్టుగది ముందు నిలబడి, కిటికీలోంచి లోపలికి చూస్తున్నాడు. తెల్లచొక్కా, పంచె, చేతిలో కర్ర. డెబ్బై ఏళ్లుంటాయేమో.

వరసగా మూడో రోజు. అదీ కుట్టేవాళ్లంతా అన్నాలకు పోయిన వేళే.

లోపల ఒంటరిగా ఉన్న క్రిస్టీనాకు అనుమానం వచ్చింది.

ఆమె సొంతంగా పెట్టుకున్న బట్టల బ్రాండు పేరు 'చెలిమె'. బొమ్మలు తనే గీస్తుంది. లాల్‌గడి మలక్‌పేట్ ఆడవాళ్లు కుడతారు. ఈసారి చొక్కాల వీపు మీద వాళ్ల ఊరి జిల్లేడుకుంట పటం అచ్చేస్తున్నారు. ఆ కుంటను పూడ్చి ప్లాట్లు చేస్తున్న రాకేష్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

"గా అంగీలు బందు పెట్టు. లేకుంటే మంచిగుండదు."

ఇంకో పన్నెండు రోజుల్లో కుంట సర్వే. ఆ రోజు ఆడవాళ్లంతా ఈ చొక్కాలు తొడుక్కొని గట్టు మీద నిలబడాలి. సగం కూడా తయారు కాలేదు.

తలుపు తోసుకుని ముసలాయన లోపలికి వచ్చాడు.

"బిడ్డా, గీ పటం ఏడికెల్లి తెచ్చినవ్?"

"ఫోన్ల చూసి గీసిన. ఎందుకు?"

"ఫోన్ల కనబడేది ఇప్పటి కుంట. పూడ్చక ముందు గింతే లేకుండె."

బల్ల మీది సుద్ద తీసుకుని, కొత్త చొక్కా మీద గీత గీశాడు. పటం దాటి, చాలా దూరం.

"నీళ్లు గీడిదాంక వస్తుండె. గీ మూలకు హద్దురాయి ఉన్నది. మట్టి గప్పిన్రు. తవ్వితే..."

క్రిస్టీనా చొక్కా లాక్కుంది.

"గింత పెద్దగ అచ్చేస్తే రేపు అబద్ధమని మమ్మల్నే పట్టుకుంటరు. గందుకేనా మిమ్మల్ని పంపింది రాకేష్?"

ఆయన ఉలిక్కిపడ్డాడు.

"మూడు దినాల సంది చూస్తున్న. కిటికీలకెల్లి తొంగిచూసుడు, ఎవరు లేనప్పుడు వచ్చుడు. పోయి చెప్పున్రి మీ రాకేష్‌కు, మేం భయపడమని!"

"చెప్తనే ఉన్న బిడ్డా," అన్నాడు మెల్లగా. "నా మాట ఇంటలేడు."

గుమ్మం దగ్గర ఆగాడు.

"సర్వే నాడు నేనొస్త. రాయి సూపిస్త."

"ఏం అవసరం లేదు. మళ్ల గీడికి రాకున్రి."

ఆయన బయటికి నడిచాడు. కర్ర చప్పుడు రోడ్డు దాకా వినిపించింది.

క్రిస్టీనా చొక్కాను గట్టిగా దులిపింది. గీత పోయింది.

సర్వే రోజు గట్టు మీద నలభై మంది ఆడవాళ్లు నిలబడ్డారు. అందరి వీపుల మీదా జిల్లేడుకుంట. రాకేష్ తన మనుషులతో అవతలి వైపున ఉన్నాడు.

సర్వేయర్ కాగితాలు మడిచాడు.

"పాత కొలతలు తేలుతలేవు. హద్దురాయి కనబడితే తప్ప నేనేం చెయ్యలేను. ఎవరికన్న ఎరుకనా?"

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

క్రిస్టీనాకు ముసలాయన సుద్దతో గీసిన గీత మెదిలింది. ఆ గీత ఏ మూలకు పోయింది? తూర్పా, ఉత్తరమా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

"మార్తమ్మక్కా," అంది పక్కనున్నామె చెయ్యి పట్టుకుని. "మీరు అన్నాలకు పోయినప్పుడు ఒక ముసలాయన వచ్చిండు. తెల్లపంచె, చేతికర్ర. రాయి ఏడున్నదో ఆయనకు ఎరుకనే. నేనే ఎల్లగొట్టిన. ఎవరక్కా ఆయన? జల్దీ పిలిపియ్యి."

మార్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"రాయి ఎరుకున్నది గా ఒక్క ముసలాయనకే. ఇంకేడున్నడు బిడ్డా. పోయి పదకొండు దినాలాయె. ఇంట్ల మస్తు కొట్లాట అయ్యిందంట. గా రాత్రికే గుండె ఆగింది."

"ఎవరితోని కొట్లాట?"

మార్తమ్మ అవతలి గట్టు మీద గుండుతో నిలబడ్డ రాకేష్ వైపు చూసింది.

"కొడుకుతోని. అంజయ్య పటేల్, గా రాకేష్ వాళ్ల నాయిన."