బలమైన వాదన

“ఆ తిమోతి గుళ్ళో హార్మణీ మెట్లు చూసి వాయించడు అయ్యగారూ. పాడేవాళ్ళలో ప్రేమలీలను చూసి వాయిస్తాడు.”

“బలహీనం” అన్నారు పాస్టరుగారు, లాంతరు చిమ్నీ తుడుస్తూనే. “కళ్ళుండాయి, చూసినాడు. దానికి పెళ్ళి ఆపమంటావా?”

హెబ్రోను ఉసూరుమన్నాడు. శనివారం పొద్దుగూకే వేళ పాస్టరుగారి వరండాలో కూర్చుని ప్రేమలీల పెళ్ళి ఆపించడానికి వాదనలు వినిపిస్తున్నాడు. రేపే మూడో ప్రకటన. ఆ గుడిలో పెళ్ళి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారు. రెండు ఆదివారాలు ఎవరూ నోరెత్తలేదు. రేపూ ఎత్తకపోతే గురువారం పెళ్ళే.

ఈ బలం, బలహీనం గొడవ పాస్టరుగారు నేర్పిందే. ఆ ఏడాది అల్లూరు చుట్టుపక్కల చదువుకున్న కుర్రాళ్ళంతా గుమాస్తా ఉద్యోగాల పరీక్షకు కట్టారు. ఆ పరీక్షలో ఒక ప్రశ్న వేసి, కింద రెండు వాదనలిచ్చి, ఏది బలమైనదో చెప్పమంటారట. పాస్టరుగారు ఇదే వరండాలో పాఠం చెప్పేవారు. ఊరికి రోడ్డు వెయ్యాలా? ‘వెయ్యాలి, వానాకాలంలో రోగిని ఆసుపత్రికి చేర్చే దారి లేదు.’ ఇది బలమైనది. ‘వెయ్యాలి, పక్క ఊరికి వేశారు.’ ఇది బలహీనమైనది. వాదన ప్రశ్నకు సూటిగా తగలాలి, అందులో సరుకుండాలి. అంతే.

హెబ్రోనుకు అవి ఓ పట్టాన కొరుకుడు పడేవి కావు. అతను తప్పు చెప్పినప్పుడల్లా లోపలి గదిలోంచి కిసుక్కున నవ్వు వినిపించేది. పాస్టరమ్మగారి దగ్గర కుట్టుపని నేర్చుకోవడానికి వచ్చే ప్రేమలీల నవ్వు అది. తిమోతి ఠకీమని ఒప్పు చెప్పినప్పుడు మాత్రం లోపల చప్పుడుండేది కాదు. ఆ నవ్వు కోసం కావాలని తప్పు చెప్పిన రోజులు కూడా ఉన్నాయి హెబ్రోనుకు.

“ఇంకేముంది నీ దగ్గర?”

“మొన్న అల్లూరు బస్టాండులో ఆ పిల్ల సంచి వాడి చేతిలో ఉండింది.”

“బరువుగా ఉండుంటుంది. బలహీనం.”

ఆ సంచి మొయ్యాల్సింది తను. హెబ్రోనుకు ఒళ్ళు మండిపోయింది. తిమోతి గొంతు, వాడి నున్నటి క్రాపు, వాడు ఆదివారం వేసుకొచ్చే ఇస్త్రీ చొక్కా, ఒకటేమిటి, వాడి చెప్పుల చప్పుడు విన్నా మండేది.

“నీకు తిమోతి మీద కుళ్ళురా.”

“కుళ్ళే అయ్యగారూ. కాదన్నానా?”

“కుళ్ళు వాదన కాదు. పందిరి గుంజలు పాతేసినారు, బంధువులకు కబుర్లు పోయినాయి. మీ అమ్మ రెబెక్కమ్మకు తెలిస్తే చీపురు తిరగేస్తుంది. ఇంటికి పో.”

హెబ్రోను కదల్లేదు.

“ఆ పిల్లను ఒక్క మాటన్నా అడక్కుండా కుదిర్చినారు.”

“మనలో ఏ పిల్లను అడిగి చేసినారు?”

“అది పక్క ఊరి రోడ్డు వాదన.”

పాస్టరుగారి చెయ్యి ఆగింది. “నా పాఠం నాకే అప్పజెబుతున్నావే!” అని నవ్వి, చిమ్నీ పక్కన పెట్టారు. “సరే. అసలు సంగతి చెప్పు.”

“ఆ పిల్ల మనసులో వేరే మనిషి ఉండాడు.”

“ఎవరన్నారు?”

“తనే. నిన్న కాలవ గట్టు మీద ఆపి, ‘ఎట్టయినా ఈ పెళ్ళి ఆపు బావా’ అని కాళ్ళు పట్టుకోబోయినాది.”

పాస్టరుగారు నవ్వడం మానేశారు. “ఎవరా మనిషి?”

హెబ్రోను మొహం పక్కకు తిప్పుకున్నాడు. “నా నోటితో చెప్పలేను అయ్యగారూ.”

పాస్టరుగారు ముందుకు వంగి గొంతు తగ్గించారు.

“ఇది బలమైన వాదనేరా. కానీ గుళ్ళో చెప్పావనుకో, పెళ్ళి ఆగుతుంది, ఆ పిల్ల బతుకూ ఆగుతుంది. వాళ్ళ నాయన గడప దాటనిస్తాడా? చెప్పకపోతే ఆ పిల్ల జన్మంతా ఏడుస్తుంది.”

“తన పేరెత్తకుండా ఆపుతా.”

“అప్పుడు నింద నీ నెత్తిన పడుతుంది.”

“పడనీండి.”

ఆదివారం గుడి నిండిపోయింది. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ప్రేమలీల తల వంచుకుని కూర్చుంది. హార్మణీ ముందు తిమోతి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహం చూశాక హెబ్రోనుకు పాత మంట మళ్ళీ రాజుకుంది. కూర్చునే ఉంటే పోలేదా? నోరు మూసుకుంటే ఎవరు అడగొచ్చారు?

పాస్టరుగారు పేర్లు చదివారు. కళ్ళజోడు తీశారు.

“ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి.”

ప్రేమలీల భుజాలు వణకడం హెబ్రోను చూశాడు. లేచి నిలబడ్డాడు. అతని గొంతు గుడంతా వినిపించింది.

“నాకుంది. ఈ పెళ్ళి జరగడానికి లేదు. ఆ పిల్లలో ఏ లోపమూ లేదు. తప్పంతా నాది.”

జనంలో కలకలం రేగింది. ఆడవాళ్ళ మధ్యలోంచి రెబెక్కమ్మ గుండెలు బాదుకుంటూ లేచి, “కూర్చోరా హెబ్రోనూ, పెళ్ళికొడుకువై ఉండి నీ పెళ్ళి నువ్వే వద్దంటే ఊళ్ళో తలెత్తుకునేదెట్టరా!” అని అరిచింది.