మేడమ్ సంతకం

ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి కొలతలూ తీసినవాడే గానీ, తన కొలత ఇంకొకరు తీస్తుంటే ఇన్ని చెమటలు పడతాయని దర్జీకి తెలియదు పాపం.

పిల్లల్ని పెంపకానికి అప్పగించే ఆఫీసు అది. ఆరు వారాల శిక్షణ అయిపోయింది. మొగుడూ పెళ్ళాం ఒక్క క్లాసు కూడా ఎగ్గొట్టలేదు. పోలీసు కాగితం, డాక్టరు కాగితం, ఇల్లు చూసి రాసిన కాగితం అన్నీ ఫైల్లో చేరాయి. కానీ అక్కడ ఎన్ని కాగితాలున్నా ఆఖరి మాట మేడమ్‌దే. ఆ సంతకం పడకపోతే, ముచ్చటపడి రంగులేయించిన చిన్నగది ఖాళీగానే ఉండిపోతుంది.

"కాస్త ఖచ్చితం మనిషి," అని గుమ్మం దగ్గరే చెవిన వేసింది ఆఫీసరమ్మ. "మేడమ్ అనే పిలవండి. నిన్న ఒకాయన అలా పిలవలేదని ఫైలు మూసేశారు. నాలుగిళ్ళు చూసొచ్చిన అనుభవం మరి."

బల్ల వెనక మేడమ్ కూర్చుని ఉన్నారు. ముక్కు మీంచి జారిపోతున్న కళ్ళజోడు పైకి తోసుకుని, ఎర్ర పెన్ను మూత తీశారు.

"కొత్త కోటు కుడుతున్నారు. దాని మీద వేడి పాలు ఒలికాయి. ఏం చేస్తారు?"

దర్జీ కుర్చీలో ముందుకు జరిగాడు. కోటు మీద పాలే! "వీపు మీద ఒక్కటి..." అని మొదలెట్టి, బల్ల కింద భార్య తొక్కిన తొక్కుడికి దారిలోకొచ్చాడు. "అదే, వీపు నిమిరి, ఎక్కడైనా కాలిందా అని అడుగుతాను మేడమ్."

"ఊఁ." ఒక టిక్కు పడింది. "కూర వద్దని పళ్ళెం తోసేస్తే?"

"నేనూ తోసేస్తాను మేడమ్. వంట ఈవిడది కదా, ఇద్దరం కలిసి తిట్లు తింటాం."

భార్య కొరకొరా చూసింది. మేడమ్ మాత్రం రెండు టిక్కులు పెట్టారు.

"పాట పాడండి."

శిక్షణలో ఇది చెప్పలేదు. అయినా పాడాడు. నూనె అయిపోయిన కుట్టుమిషను నయం. మేడమ్ చెవులు మూసుకున్నారు గానీ ఆపమనలేదు. చరణం దాకా రానిచ్చి, జాలిపడి అరటిక్కు పెట్టారు.

తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "'నన్ను మళ్ళీ పంపించేస్తారా' అని రోజూ అడిగితే? వందసార్లు అడిగితే?"

శిక్షణ పుస్తకంలో దీనికి నాలుగు పేజీల జవాబుంది. దర్జీకి ఒక్క ముక్క గుర్తు రాలేదు. కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరిగాయి.

"పంపం అని నూటొకటోసారి కూడా చెప్తాను మేడమ్. నాకు నోరు నొప్పెడితే ఈవిడ చెప్తుంది. ఈవిడకి నోరు నొప్పెట్టడం నేనెప్పుడూ చూళ్ళేదు."

మేడమ్ ఫైలు దగ్గరికి లాక్కుని, ఒక్కో అక్షరమే జాగ్రత్తగా సంతకం పెట్టారు.

పెట్టి, కుర్చీ మీంచి కిందికి దూకి, దర్జీ ముందుకొచ్చి రెండు చేతులూ పైకి చాచి, "ఎత్తుకోండి మరి, ఆరేళ్ళదాన్ని మీ ఇంటిదాకా నడిపిస్తారా?" అన్నారు.