సేటు వేషం

"లే! ముందు లేవయ్యా అక్కడికెల్లి!"

వరమ్మ అరుపుకు కెమెరా వెనకున్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. గుండెల్లో ఉత్తుత్తి కత్తితో నేలమీద పడుకున్న దుర్గయ్య ఒక కన్ను తెరిచాడు.

"ఊకోవే. షాట్ నడుస్తుంది."

కార్వాన్ బస్తీలోని ఆ భార్యాభర్తల పాత ఇంట్లో టీవీ సీరియల్ తీస్తున్నారు. ఎప్పటిదో డిటెక్టివ్ నవలను సెల్‌ఫోన్ల కాలానికి మార్చిన సీరియల్. ఇల్లు ఇచ్చినందుకు దుర్గయ్యకు హత్యకు గురైన సేటు వేషం దొరికింది. ఒక్కసారైనా టీవీలో కనబడాలని ఆయన కోరిక. ఆ సంగతి గల్లీ అంతా చెప్పుకున్నాడు. వేషం ఏమిటో భార్యకు మాత్రం చెప్పలేదు.

"నా పసుపు కుంకుమ నీకు ఆటలెక్క ఉన్నదా? నేనుండంగ నువ్వు పీనుగువైతవా?"

"ఉత్తుత్తదే గదనే!"

"ఉత్తుత్తది గూడ వద్దు. సార్, వేరేటోన్ని పండవెట్టుండ్రి."

డైరెక్టర్ లక్ష్మీకాంత్ తల పట్టుకున్నాడు. "ఇప్పటికిప్పుడు ఎవర్ని తెమ్మంటారమ్మా?"

"అయితే కత్తి తాకింది గని బతికిండని పెట్టుండ్రి. గుర్రబ్బండిని కారు జేసిండ్రు, ఉత్తరాన్ని సెల్‌ఫోన్ జేసిండ్రు. మా ఆయనొక్కన్ని బతికియ్యనీకి ఏమైంది?"

"బతికితే పొడిచిందెవరో ఆయనే చెప్పేస్తాడు కదమ్మా! ఇంక డిటెక్టివ్ ఎందుకు?"

వరమ్మ కాసేపు ఆలోచించి లోపలికి వెళ్లింది. పట్టుచీర కట్టి, కాళ్లకు పసుపు రాసి, ఇంత బొట్టు, తలనిండా పూలు పెట్టుకుని వచ్చింది. భర్తను పక్కకు నెట్టి తానే పడుకుంది.

"సేటును గాదు, సేటు పెండ్లాన్ని చంపిండ్రని పెట్టుండ్రి. ముత్తైదువగ పోతే మంచిదే."

దుర్గయ్య ముఖం వాడిపోయింది. "మరి నేను?"

"మీరు భర్త. పక్కన కూర్చుని ఏడవండి," అన్నాడు లక్ష్మీకాంత్.

"నా మొకం మంచిగ కనబడ్తదా?"

"దగ్గరగా తీస్తాంలెండి."

కెమెరా తిరిగింది. దుర్గయ్య భార్య ముఖంలోకి చూశాడు. తర్వాత కెమెరాలోకి చూశాడు. ఇక ఆపుకోలేక పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"భార్య పోయిందండీ, ఏడవాలి!"

మళ్లీ తీశారు. మళ్లీ అదే నవ్వు. ఈసారి శవమే చెయ్యి చాపి గట్టిగా గిల్లింది. "అబ్బా!" అన్నాడే తప్ప నవ్వు ఆగలేదు.

లక్ష్మీకాంత్ ఆ నవ్వును కాసేపు తేరిపార చూసి, అసిస్టెంట్ చెవిలో మెల్లగా అన్నాడు:

"కథ మార్చెయ్. హంతకుడు దొరికాడు."