లైసెన్స్ కాదు, రేటింగ్

"లైసెన్స్ కాదు, రేటింగ్!" మామగారు బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. గ్లాసులో నీళ్ళు ఒలికాయి.

"అదేగా మావయ్యా నేనూ అన్నది. ఇన్‌స్ట్రక్టర్ లైసెన్స్," అంది కోడలు.

"మళ్ళీ అదే మాట! విమానం నడపడానికి ఇచ్చేది లైసెన్స్. అది నీకు ఎప్పుడో వచ్చింది. ఇంకొకరికి నేర్పడానికి దాని మీద ఇచ్చేది రేటింగ్. గడువు దాటితే రేటింగ్ పోతుంది, లైసెన్స్ ఉంటుంది. పరీక్షలో మొదటి ప్రశ్నకే ఇలా అన్నావంటే ఇంటికి పొమ్మంటారు."

"ఏదో ఒకటి లెండి. నేర్పడం వస్తే చాలదా?"

"చాలదు! తన చేతిలో ఉన్నదేంటో తెలీనివాడు పక్కవాడికేం నేర్పుతాడు? నీ మొగుడూ ఇంతే. వాడికి చెప్పీ చెప్పీ నా నోరు..."

మాట అక్కడే తెగిపోయింది. పెద్దాయన తల దించుకుని, ఒలికిన నీళ్ళని అరచేత్తో తుడవసాగాడు.

కోడలు గ్లాసు తీసుకుని వంటింట్లోకి వచ్చింది. అత్తగారు తలుపు చాటున కళ్ళు తుడుచుకుంటోంది. కొడుకు పోయిన రోజు నుంచీ ఆయన పెదవి విప్పలేదు. పెడితే తినడం, లేకపోతే గోడకేసి చూస్తూ కూర్చోవడం. ఎవరు పలకరించినా ఉలుకూ పలుకూ లేదు. ఈమధ్యే, అదీ కోడలు పుస్తకాలు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంటేనే, ఇలా కేకలేస్తున్నాడు. ఆ కేకలు వినడానికే ఆ తల్లి పొయ్యి కట్టేసి మరీ నిలబడుతోంది.

"ఒక్కసారైనా సరిగ్గా చెప్పవే తల్లీ. పరీక్ష పోతే ఎలా?"

కోడలు గొంతు తగ్గించింది. "పరీక్షా లేదు, పాడూ లేదత్తయ్యా. పోయిన నెలే పాసయ్యాను. మావయ్యని ఉడికించడానికి మీ అబ్బాయి కావాలనే లైసెన్స్ అనేవారు కదా. ఆ మాటకైనా నోరు తెరుస్తారేమోనని... ఆయనకి చెప్పకండి." ఇక ఆపుకోలేక అత్తగారి భుజం మీద తల పెట్టేసింది.

"అమ్మాయ్!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మామగారు తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నీకు పరీక్ష పెట్టింది నా దగ్గర విమానం నేర్చుకున్న శిష్యుడే. పాసయ్యావని ఆరోజే ఫోన్ చేసి చెప్పాడు," అన్నాడు. "రేపు కూడా లైసెన్స్ అనే అనమ్మా. అచ్చం వాడన్నట్టే ఉంటోంది."